నాంచారవ్వకు చెప్పొచ్చావా?

అనగనగా అంటే మరీ ఎంత అనగనగానో నాకూ తెలియదు. కొండ మీద పులి, కొండ నడుమ పంది, కొండ కింద మనిషి, ముగ్గురూ ఒకరికొకరు భయపడుతూ బతికిన కాలం మాట ఇది.

ఆ కాలంలో రేగుమానుగూడెం అనే ఊళ్లో నాంచారవ్వ అనే ముసలిది ఉండేది. ఊళ్లో అంటే ఊళ్లో కాదు. ఇళ్లన్నీ అయిపోయాక, చింతతోపూ అయిపోయాక, వాగుకు పోయే దారిలో ఒక్కతే గుడిసె వేసుకుని ఉండేది. మొగుడు లేడు, పిల్లలు లేరు. ఉన్నవల్లా ఒక కొలిమి, ఒక ఇనుప గరిటె, మూడు రాతి అచ్చులు.

సీసం కరిగించి వేట తుపాకులకు గుండ్లు పోయడం ఆమె పని. ఆ ఊరి వేటగాళ్లు పొదల్లో, బండల సందుల్లో దూరి తిరిగేవాళ్లు. అందుకని నడుముకు దోపుకునే పొట్టి తుపాకులే వాడేవాళ్లు. పొట్టి తుపాకి మహా పెంకిది. తగిన గుండు పడితేనే మాట వింటుంది.

మూడు అచ్చులూ మెత్తటి బలపం రాయిలో తొలిచినవే. ఒకటి గుండ్రటి గుండుది, కుందేలుకు. ఇంకొకటి మూతి సన్నటి తేలిక గుండుది, దూరాన నిలబడ్డ దుప్పికి. మూడోది మూతి మొద్దుగా ఉండే బరువు గుండుది, దగ్గరికొచ్చిన అడవిపందికి. మొద్దుమూతి గుండు లోతుగా దిగుతుంది, ఎముకకు కూడా బెదరదు. కానీ ఎక్కువ దూరం పోలేదు, నడిదారిలోనే కిందికి వంగిపోతుంది.

అందుకే ఎవరొచ్చినా అవ్వ మూడు మాటలు అడిగేది.

"దేనికి నాయనా? ఎంత దగ్గర్నించి? మంచె మీంచా, నేల మీంచా?"

వాళ్లు చెప్పినదాన్ని బట్టి అచ్చు ఎంచేది. ఆ అచ్చు రెండు పలకలూ కలిపి కట్టి, సీసం పోసి, చల్లారాక విప్పేది. గుండును ఒళ్లో వేసుకుని, సీసం పోసిన చోట మిగిలిన తోక కోసి, నున్నగా గీకి, గుడ్డలో కట్టి ఇచ్చేది. ఇస్తూ ఒక్క మాట అనేది.

"తిరిగొచ్చి చెప్పు నాయనా, యాడ తగిలిందో."

"అట్టాగేలే అవ్వా" అనేవాళ్లు.

వచ్చినవాడు లేడు, చెప్పినవాడు లేడు.

ఎందుకంటే ఆ ఊళ్లో ఒక నమ్మకం. నెత్తురు చూసిన గుండు పుట్టిల్లు వెతుక్కుంటుందట. వేట చేసి వచ్చినవాడు నెల తిరక్కుండా గుండు పోసిన గుమ్మం తొక్కితే, తర్వాతి గుండు వెనక్కి తిరిగి వాడికే తగులుతుందట. ఎవడికి తగిలింది, ఎవడు చూశాడు అని నన్నడక్కండి. నమ్మారు, అంతే. వేట మాంసంలో కొట్టినవాడికి వాటా, తోలినవాడికి వాటా, ఆఖరికి కుక్కకూ వాటా. అవ్వ వాటాను మాత్రం చింతకొమ్మకు వేలాడగట్టి, పిలవకుండా పోయేవాళ్లు.

అవ్వకు మాంసం ఎందుకు? నమలడానికి పళ్లే లేవు. తను పోసిన గుండు ఏమైందో ఆమెకు తెలియాలి. కొండల్లో తుపాకి పేలితే గరిటె పక్కన పెట్టి చెవి రిక్కించేది. ఒక్కసారి పేలితే "తగిలినట్టుందే" అనుకునేది. వెంటనే ఇంకోసారి పేలితే "అయ్యో, తప్పు పోశానా" అనుకునేది. నెల పోయాక కొత్త గుండుకొచ్చినవాళ్లు కూడా పాతదాని ఊసెత్తడానికి జంకేవాళ్లు. ఏది నిజమో చెప్పే దిక్కు లేదు. ఆ బాధ పగవాడికి కూడా వద్దు.

అయినా గుమ్మం పక్కన ఒక పీట వేసి ఉంచేది. ఎవరన్నా వస్తే కూర్చోవాలి కదా.

ఒక ఏడు జొన్నకంకులు పాలు పోసుకునే వేళకు ఒంటిపంది ఒకటి చేల మీద పడింది. తిన్నది కొంత, తొక్కింది కొండంత. దాన్ని నేను కొడతానని బయన్న అనే వేటగాడు నలుగురిలో మీసం దువ్వాడు. ఊరివాళ్లను వెంటేసుకుని అవ్వ గుడిసెకు పోయాడు.

"దేనికి నాయనా?"

"ఒంటిపందికి."

"ఎంత దగ్గర్నించి?"

నలుగురి ముందు చిన్నబోవడమా? "దాని ఊపిరి నా మోకాలికి తగిలేంత దగ్గర్నించి!" అన్నాడు.

"మంచె మీంచా, నేల మీంచా?"

"నేల మీంచే. మంచె ఎవడిక్కావాల?"

అవ్వ అతని మొహంలోకి చూసింది. "నిజం చెప్పు నాయనా. నీ మాటను బట్టే నా అచ్చు."

"నిజమే అవ్వా."

అవ్వ మొద్దుమూతి అచ్చు తీసింది. రెండు గుండ్లు పోసి గుడ్డలో కట్టింది.

"తిరిగొచ్చి చెప్పు నాయనా, యాడ తగిలిందో."

"అట్టాగేలే అవ్వా."

తీరా పొద్దు వాలే వేళకు బయన్న ఎక్కింది మంచే. పంది ఇంకా దూరంలో ఉండగానే గుండె దడదడలాడి పేల్చేశాడు. గుండు నడిదారిలో వంగి దాని వెనక కాలికి తగిలింది. పంది అరుచుకుంటూ వాగు పొదల్లో దూరింది.

దెబ్బతిన్న పంది పులికన్నా చెడ్డది. బయన్న పరుగున వచ్చి ఇల్లిల్లూ తిరిగాడు. "వాగు వైపు పోకండి, వాగు వైపు పోకండి" అని చెప్పాడు. అన్ని ఇళ్లూ అయ్యాక చింతతోపు దాకా వచ్చి ఆగిపోయాడు. అవ్వ గుమ్మం కనబడుతోంది. గుమ్మం పక్కన పీట కనబడుతోంది. అడుగు వేయడానికి భయం. పోనీ ఇక్కడి నుంచే కేక వేద్దామా? వేస్తే అవ్వ అడుగుతుంది, యాడ తగిలింది నాయనా అని. మంచె సంగతి బయటపడుతుంది.

"ఎవరో ఒకరు చెబుతార్లే" అనుకుని వెనక్కి తిరిగాడు. ఊళ్లోవాళ్లూ అదే అనుకున్నారు.

వచ్చినవాడు లేడు, చెప్పినవాడు లేడు.

అవ్వకు వినబడింది ఒక్క చప్పుడే. "తగిలింది" అనుకుని పొంగిపోయింది. తెల్లారగానే వాకిలి ఊడ్చింది, పీట తుడిచింది, కుండ చంకనెత్తుకుని వాగుకు బయల్దేరింది. బయన్న వస్తే మంచినీళ్లన్నా ఇవ్వాలి కదా.

మళ్లీ ఆ గుమ్మానికి ఆమె నడిచి రాలేదు. ఊరివాళ్లే మోసుకొచ్చారు.

అవ్వను మట్టి చేశాక బయన్న మళ్లీ తుపాకి నడుముకు దోపుకున్నాడు. గుడ్డమూటలో మిగిలిన గుండు తీసుకుని ఒంటరిగా వాగు పొదల్లోకి పోయాడు. ఈసారి మంచె లేదు. నేల మీదే నిలబడ్డాడు. పంది ఊపిరి మోకాలికి తగిలేదాకా నిలబడ్డాడు. అప్పుడు పేల్చాడు.

పంది పడ్డాక ఇంటికి పోలేదు. నెత్తురు చేతులతోనే తిన్నగా అవ్వ గుడిసెకు వచ్చాడు. ఊరంతా చింతతోపు దగ్గర గుమిగూడి "వద్దురా" అంటున్నా గుమ్మం తొక్కాడు. ఎవరూ కూర్చోని ఆ పీట మీద కూర్చున్నాడు. లోపల కొలిమి చల్లారిపోయి ఉంది. ఎవరైనా అడుగుతారేమోనని చాలాసేపు ఎదురుచూశాడు. అడిగే మనిషి లేదు. బావురుమని ఏడ్చాడు.

"అవ్వా, నేను మంచె మీంచి కొట్టినా. నీకు అబద్ధం చెప్పినా. కాలికి తగిలితే నీకు చెప్పకుండా పోయినా. ఇయ్యాల దగ్గర్నించి కొట్టినా. చెవి ఎనక తగిలింది, ఒక్క దెబ్బకే పడింది. నువ్వు సరిగ్గానే పోశావు. తప్పు నీది కాదవ్వా."

ఆ తర్వాత బయన్న అవ్వ అచ్చుల్లో తనే గుండ్లు పోసుకుని ఎన్ని వేటలు చేసినా, ఏ గుండూ వెనక్కి తిరగలేదు.

ఇప్పుడు ఆ ఊళ్లో తుపాకులు లేవు, వేట లేదు. గుడిసె కూడా లేదు. ఆ చోట మూడు రాతి అచ్చులు, వాటి పక్కన ఒక పీట ఉన్నాయి. చెక్క పుచ్చిపోతే ఎవరో ఒకరు కొత్తది చేసి పెడతారు. ఊళ్లో ఏ కబురు చెప్పాలన్నా చిట్టచివరి ఇంటి నుంచే మొదలుపెడతారు. తేనెకు పోయినా, సంతకు పోయినా, ఆస్పత్రికి పోయినా, తిరిగొచ్చేటప్పుడు ఆ పీట మీద కూర్చుని పోయిన పని ఏమైందో పైకే చెబుతారు. అయితే అయిందని, కాకపోతే కాలేదని.

ఎవరన్నా పోయి వచ్చి, మొహం దాచుకుని మూల కూర్చుంటే, ఇంట్లో తల్లి కోప్పడదు. కంచంలో అన్నం పెడుతూ మెల్లగా అడుగుతుంది.

"నాంచారవ్వకు చెప్పొచ్చావా నాయనా?"