బండమీదపల్లె కడవ

ఆ ఎండాకాలం వన్నూరప్ప దిగులంతా కంచె గురించే.

అతను ఊటపల్లె దర్గాలో ఖాసీంసాబు తాతకు శిష్యుడు. తాత నోరు తెరిచి చెప్పేది తక్కువ, ఇతను నెత్తిన వేసుకునేది ఎక్కువ. దర్గా ఊడ్చేదీ, దీపం పెట్టేదీ, ఉరుసు పనులు చూసేదీ అతనే. రెండు గుట్టల మధ్య కనుమ గుండా ఊళ్లోకి వచ్చే దారి దర్గా ముందునుంచే పోతుంది. కాబట్టి ఆ దారికి కాపలా కూడా తనదేనని అతనికతనే అనుకున్నాడు.

కాపలా ఎవరి మీదయ్యా అంటే, బండమీదపల్లె వాళ్ల మీద. ఆ ఊరు గుట్టపైన ఉంది. ఒక కరువు ఏడు అక్కడినుంచి నాలుగైదు కుటుంబాలు నీళ్లకోసం కిందికి దిగాయి. ఊటపల్లె బావి ఎండేది కాదు. కానీ ఊరిపెద్ద చిదంబరరెడ్డికి గుండెల్లో రాయి పడింది. ఇవాళ నలుగురు, రేపు ఊరంతా వస్తే మన గతేమిటని అందరినీ అడిగాడు. ఆ మాట వన్నూరప్ప పట్టుకున్నాడు.

మరుసటి ఏడు కనుమకు అడ్డంగా మోకాలెత్తు ముళ్లకంప వేశాడు. ఈసారి సగం పల్లె దిగివచ్చింది. ఆ పై ఏడు నడుమెత్తు వేశాడు. పల్లె పల్లె అంతా గొర్రెలతో సహా దాటుకుని వచ్చింది. బావి దగ్గర చేదలు తగిలి తలలు పగిలాయి. దాంతో ఈ ఏడు మనిషెత్తు కంచె కట్టి, చిదంబరరెడ్డి ముందు, నలుగురూ వింటుండగా అనేశాడు.

"ఈసారి ఒక్కరు లోపలికొచ్చినా నేను దర్గా వదిలిపెట్టి పోతా."

దర్గా తప్ప అతనికి వేరే ఇల్లు లేదు. తాత తప్ప వేరే మనిషీ లేడు. ఆ సంగతి తెలిసే అన్నాడు. తాత కూడా విన్నాడు. కడవలు సర్దుకుంటూ కూర్చున్నాడు.

ఆ కడవల సంగతి కొంచెం చెప్పాలి. ఆ దర్గా ఉరుసుకు గంధం తీసేటప్పుడు సానమీద చల్లే నీళ్లు ఒక్క బావివి కాకూడదు. చుట్టుపట్ల ప్రతి ఊరూ తన కడవతో తన నీళ్లు తేవాలి. అన్ని కడవలూ వరుసగా పెట్టి, ఒక్కోదానినుంచి ఇన్ని నీళ్లు తీసుకుని అరగదీస్తేనే అది గంధం. బండమీదపల్లె కడవ రావడం మానేసి కొన్నేళ్లయింది. ఆ కడవ ఉండాల్సిన చోటు మాత్రం తాత ఖాళీగా వదిలేవాడు. పన్ను ఊడిన నోరులా ఉందని వన్నూరప్పకు చిరాకు. తాత చూడనప్పుడు పక్క కడవలు దగ్గరికి జరిపేవాడు. తాత వచ్చి మళ్లీ ఎడం చేసేవాడు. గురుశిష్యుల మధ్య దానిమీద ఒక్క మాట కూడా నడిచేది కాదు.

ఎండలు ముదిరాయి. బండమీదపల్లె జనం దిగివచ్చి కంచె అవతల చతికిలబడ్డారు. వన్నూరప్ప పొంగిపోతూ తాత దగ్గరికి పరుగెత్తాడు.

"ఒక్కరు కూడా దాటలేదు తాతా! వచ్చి చూడు, చీమ కూడా దూరదు."

తాత వచ్చాడు. కంచె సందుల్లోంచి చంటిబిడ్డల ఏడుపు వినిపిస్తోంది.

"ముందు వీళ్లకు నీళ్లు పొయ్యి," అన్నాడు.

"నేను మాటిచ్చినా గదా తాతా..."

"వాళ్లు లోపలికి రాకూడదంటివి. నీళ్లు బయటికి పోతే నీ మాటకేం కాదులే."

వన్నూరప్ప మూతి ముడుచుకునే నీళ్లు మోశాడు. అందరూ తాగేదాకా తాత కంచెను తేరిపార చూస్తూ నిలబడ్డాడు.

"బాగా కట్టినావప్పా. ఇంత కంప యాడ దొరికింది?"

"బండమీదనే తాతా!" వన్నూరప్ప మొహం వెలిగింది. "వాళ్ల గుట్ట వాలు నిండా రేగుకంప ఉండె. ఏటా మనుషుల్ని పెట్టి కొట్టిస్తాండా. వాళ్లను ఆపేదానికి వాళ్ల కంపే!"

తాత పంగలకర్ర తీసుకుని కంచెలోంచి ఒక కంపమండ లాగాడు.

"ఇది ఎత్తుకో. కొట్టిన చోటు చూపిద్దువు, పా."

కంచెకు కంత పడిందే అని వన్నూరప్ప గిలగిల్లాడాడు. తాత అప్పటికే నడుస్తున్నాడు. బండమీదపల్లె వాళ్లలోంచి సుంకమ్మ అనే నడివయసు మనిషి లేచి, కొంగు నడుముకు దోపుకుని వాళ్ల వెనకే బయలుదేరింది.

గుట్టమీద వాలు బోడిగా ఉంది. ఎటు చూసినా నరికిన మొదళ్లు, వాటి మధ్య తేలిన రాయి. మట్టి పిడికెడు లేదు. వాలు మధ్యలో వాననీళ్లు పారే వంక, వంక చివర ఇసుక మేట. ఆ మేటలో ఎవరో తవ్వి వదిలేసిన చెలమ ఒకటి ఎండిపోయి ఉంది. వన్నూరప్ప ఏటా ఇక్కడికి వచ్చినవాడే. కంపకేసి చూశాడు గానీ కిందికి ఎన్నడూ చూడలేదు.

"ఆ ఇసకేంది?" అని అడిగాడు.

"మా కుంటప్పా," అంది సుంకమ్మ. "కంప ఉన్నన్నాళ్లు మన్ను నిలిచేది. కంప పోయినాక వానొస్తే చాలు, గుట్టంతా కుంటలోకి దిగె. నీళ్లు నిలవకపాయె. కరువు ఏడు కొందరమే వచ్చినాం, మల్లా ఎనక్కి పోయినాం గదా. ఎవురికి ఇష్టం ఇల్లు వదిలిపెట్టి మీ గడపలో పడేదానికి?"

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండునని వన్నూరప్పకు అనిపించింది. నెత్తిమీది కంప ఒక్కసారిగా బరువెక్కింది.

తాత ఆ కంప అందుకుని వంకకు అడ్డంగా పరిచాడు. మీద ఒక రాయి పెట్టాడు. ఆ రాయిమీద కూర్చున్నాడు.

"ఇంకా తేపో," అన్నాడు.

వన్నూరప్ప కిందికి దిగాడు. తన చేతులతో కట్టిన కంచెను తన చేతులతోనే విప్పడం మొదలుపెట్టాడు. అది చూసి చిదంబరరెడ్డి గుట్టెక్కి, రొప్పుతూ తాత మీద పడ్డాడు.

"ఏంది తాతా ఇది? కంచె తీసేస్తే ఊరిమీద పడతారు గదా!"

"తీయలేదు రెడ్డీ. జరుపుతాండాం."

రెడ్డి వంకను చూశాడు, పూడిన కుంటను చూశాడు. తిట్టుకుంటూ దిగిపోయాడు. కానీ తెల్లారేసరికి ఆయన ఎద్దులబండి కనుమలో కంప ఎత్తుతూ కనిపించింది! వీళ్ల కుంట బాగైతే తన బావి జోలికి ఎవరూ రారని ఆయన లెక్క. ఏ లెక్కయితేనేం, బండి బండే.

ఇక ఆ పని చూడాలి. కంప అంతా గుట్టెక్కింది. వంక పొడుగునా మెట్టుమెట్టుకూ కంప పరిచి రాళ్లు పేర్చారు. బండమీదపల్లె వాళ్లు గడ్డపారలతో కుంటలో దిగారు. ఊటపల్లె ఆడవాళ్లు అన్నం గంపలతో వచ్చి, ఊరికే చూస్తూ నిలబడలేక ఇసుక గంపలు ఎత్తుకున్నారు. బావి దగ్గర తలలు పగలగొట్టుకున్నవాళ్లే ఒకరి చేతిలోంచి ఒకరు గంప అందుకున్నారు.

మొదటి వాన మధ్యాహ్నం పూట విరుచుకుపడింది. ఎర్రనీళ్లు వంకలో దూకుతూ వచ్చి మొదటి కంపను కొట్టాయి. కంప ఊగింది. వన్నూరప్ప నడుములోతు నీళ్లలోకి దిగి పంగలకర్రతో దాన్ని అదిమిపట్టాడు. ముళ్లు చీరి రక్తం కారుతున్నా వదల్లేదు.

"ఆగు! ఆగు!" అని నీళ్లమీద అరిచాడు. ఇన్నేళ్లూ మనుషులమీద అరిచిన అరుపే అది.

మట్టి కంపలో చిక్కింది. తేరిన నీళ్లు నెమ్మదించి, మెట్టు దిగి, మెట్టు దిగి, కుంటలోకి నడిచివెళ్లాయి. కుంట నిండింది! సుంకమ్మ గట్టుమీద నిలబడి కేక పెడితే గుట్టంతా మారుమోగింది. ముసలీ ముతకా వానలోనే చిందులేశారు. చిదంబరరెడ్డి కూడా తలగుడ్డ విప్పి గాల్లో తిప్పాడు. ఎందుకు తిప్పావని తర్వాత అడిగితే పిండుకోవడానికని బుకాయించాడు.

బండమీదపల్లె వాళ్లు ఇళ్లకు వెళ్లిపోయారు. పొమ్మని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

కొర్రలు కోతకొచ్చాక ఉరుసు వచ్చింది. వన్నూరప్ప కడవలు వరుసగా పెడుతున్నాడు. ఆ ఏడు ఖాళీ చోటు అతనే వదిలాడు. కనుమలోంచి డప్పుల మోత వినిపించింది. బండమీదపల్లె పల్లె అంతా కొత్తబట్టలతో దిగివస్తోంది. ముందు సుంకమ్మ, ఆమె తలమీద పసుపు రాసిన కడవ. దర్గా ముందు, ఒకప్పుడు కంచె ఉన్నచోట ఆగి నవ్వింది.

"లోపలికి రావచ్చునాప్పా?"

చిదంబరరెడ్డి ఊరుకుంటాడా! "ఏం వన్నూరప్పా, ఒక్కరొచ్చినా దర్గా వదిలిపోతా అంటివి. ఇప్పుడు ఊరే వచ్చె!"

వన్నూరప్ప ఆ మాట విననట్టే ముందుకెళ్లాడు. సుంకమ్మ తలమీది కడవను రెండు చేతులా దించుకుని తన నెత్తిన పెట్టుకున్నాడు. నీళ్లు తొణికి మొహంమీద కారుతుంటే, వాటితోపాటు కన్నీళ్లూ కారుతుంటే, తుడుచుకోకుండానే నడిచాడు. వరుసలో ఖాళీగా ఉన్నచోట కడవ దించాడు. అది సరిగ్గా పట్టింది.

తాత సానరాయి దగ్గరికి జరుపుకున్నాడు.

"ఇంక గంధం తియ్యి," అన్నాడు.