డ్రైవుకి బారసాల

అనగనగా అంటే మరీ అంత పాత రోజులేం కాదు, కరెంటు బిల్లు ఫోనులో కట్టే రోజులే. కోనసీమలో ఒక ఊళ్ళో సూరాయమ్మ అని ఒకావిడ. ఆవిడకి ఇద్దరు కొడుకులు, గవర్రాజు, పోలిరాజు. ముగ్గురూ కలిసి ఇంట్లోనే ఫోటో స్టూడియో నడిపేవాళ్ళు. ఆ ఊళ్ళో తెలివంటూ ఉంటే అది తమ గుమ్మం దాటి బయటికి పోలేదని ముగ్గురికీ గట్టి నమ్మకం.

"ఎదటివాడు చెప్పింది చెప్పినట్టు చెయ్యడమేరా తెలివంటే," అనేది సూరాయమ్మ. అలాగే చేసేవాళ్ళు కూడా. ఒకాయన వచ్చి, "ఫోటోలో నేను అచ్చం నాలాగే ఉండాలి," అన్నాడు. అంతే, గవర్రాజు ఆయన చేతిలో ఒక అద్దం పెట్టి పంపేశాడు.

అలాంటి బుర్రల చేతిలో పడింది తాతబ్బాయిగారి కూతురి కాపురం.

ఒకరోజు పొద్దున్నే తాతబ్బాయిగారు వచ్చి స్టూడియోలో కుర్చీలో కూలబడ్డారు. "ఏం చెప్పమంటావు గవర్రాజూ! మా అల్లుణ్ణి పెంచిన మేనత్త ఉంది చూడు, మాణిక్యాంబగారు, పెళ్ళిలో తనకి చీర పెట్టలేదని అలిగి కూర్చుందయ్యా. పెట్టామండీ అంటే లేదంటది. ఆవిడ ఊ అంటేనే గానీ అల్లుడు పిల్లని తీసుకెళ్ళడు. పిల్లేమో సర్దిన పెట్టె ముందేసుకుని ఏడుస్తంది. మీరు తీసిన వీడియోలో చీర పెట్టడం ఉందిగా? సాయంత్రం ఆవిణ్ణి ఇక్కడికే తీసుకొస్తాను. కళ్ళారా చూపించాలి."

"ఆయ్, చూపిస్తామండి. మీరు నిశ్చింతగా వెళ్ళండి," అన్నాడు గవర్రాజు.

ఆ వీడియో ఉన్నది అరచేతిలో పట్టేంత నల్లటి డ్రైవులో. పోలిరాజు దాన్ని తెచ్చి, వైరుతో కంప్యూటరుకి తగిలించాడు. కంప్యూటరు ఉలకలేదు, పలకలేదు. ఇంకేముంది, రిపేర్లు చేసే మస్తాన్‌కి ఫోను కొట్టారు. అతను కాకినాడ బస్సులో ఉన్నాడు.

"కంప్యూటర్ దాన్ని గుర్తుపట్టట్లేదన్నమాట," అన్నాడు మస్తాన్.

ఆ మాట వినగానే సూరాయమ్మ ఫోను పెట్టేసింది. "ఎలా గుర్తుపడుద్దిరా? మొహం చూపించకుండా వెనకనించి తగిలిస్తే?"

అంతే, డ్రైవుని ఊడదీసి, తడిగుడ్డతో తుడిచి, బొట్టు పెట్టి, కంప్యూటరుకి ఎదురుగా పీట మీద కూర్చోబెట్టారు. సూరాయమ్మ కంప్యూటరు దగ్గరికి వంగి, చెవుడున్న పెద్దాయనతో మాట్లాడినట్టు గట్టిగా చెప్పింది. "ఏవండీ! ఇది మన డ్రైవేనండీ! మొన్న పెళ్ళికి మీతోపాటే వచ్చిందండీ! ఎండకి కాస్త నలుపెక్కింది, అంతే!"

కంప్యూటరు విననట్టే ఊరుకుంది. మళ్ళీ ఫోను.

"ఆ కన్నంలో కాకపోతే ఇంకో కన్నంలో పెట్టి చూడండి," అన్నాడు మస్తాన్.

ఏ కన్నంలోనో అతను చెప్పలేదు. చెప్పని మాట కల్పించుకునే అలవాటు ఆ ఇంట్లో లేదు. పోలిరాజు ఇల్లంతా వెతికాడు. వంటింటి మూల ఎలక కన్నం కనబడింది. వైరు వేలాడుతుండగానే డ్రైవుని అందులోకి తోశాడు. కొలతపెట్టి తవ్వినట్టు సరిపోయింది.

"అన్నా, కంప్యూటరేమంటంది?" అని అక్కణ్ణుంచే కేకేశాడు.

"ఏమీ అనట్లేదురా. నీ దగ్గర?"

"ఇక్కడెవరో గుర్తుపట్టారన్నా! లోపలికి లాక్కెళ్ళిపోతన్నారు!"

ఇంకేముంది, ఇటు అన్నదమ్ములు వైరు పట్టుకు లాగడం, అటు ఎలక లాగడం. సూరాయమ్మ, "మర్యాదగా పంపించవే తల్లీ, సాయంత్రం పనుంది," అని ఎలకని బతిమాలడం. చివరికి పట్టకారు పెట్టి బయటికి లాగారు.

అప్పటికి మధ్యాహ్నం దాటింది. పోలిరాజుకి ఏడుపొచ్చింది. తాతబ్బాయిగారి పిల్ల వీళ్ళ గుమ్మం ముందునించే బడికి వెళ్ళిన పిల్ల. ఆ పిల్ల అలా పెట్టె ముందేసుకుని కూర్చుందంటే వాడికి ముద్ద దిగలేదు. తెలివి లేకపోయినా ప్రేమ లేనివాళ్ళు కాదు పాపం.

ఇంకోసారి ఫోను చేశారు. "ఒక్కోసారి డ్రైవుకి అక్షరం లేకపోయినా కనబడదండి. కంప్యూటరు ఒక్కోదాన్ని ఒక్కో అక్షరంతో గుర్తుపెట్టుకుంటుంది, దేని అక్షరం దానికుండాలి. అది ఇచ్చారనుకోండి..." బస్సు ఏ మలుపు తిరిగిందో, మాట తెగిపోయింది.

సూరాయమ్మ నెత్తి కొట్టుకుంది. "అక్షరమా! అదా సంగతి! ఇంటికి తెచ్చి ఏళ్ళు గడిచాయి, దీనికి బారసాలే చెయ్యలేదురా! పేరు లేని పిల్లాణ్ణి ఎవరు గుర్తుపడతారు?"

అంతే, పరుగున వెళ్ళి ఊరి పురోహితుడు అవధానిగారిని పిలుచుకొచ్చారు. ఆయనకి చూపు తక్కువ, ఆకలెక్కువ. వస్తూనే పీట మీద కూర్చుని, "పిల్లవాడు పుట్టిన వేళ చెప్పండి," అన్నారు. డ్రైవుని అట్టపెట్టె కోసి బయటికి తీసిన వేళ చెప్పారు.

"కోసి తీశారా? పోనీలెండి, ఈ రోజుల్లో అన్నీ అంతే." అవధానిగారు వేళ్ళ మీద లెక్కవేశారు. "రోహిణి మూడో పాదం. 'వీ' అక్షరం వచ్చింది. వీరభద్రం అనండి, దివ్యంగా ఉంటుంది. బొత్తిగా ఏడవడేం?"

"బుద్ధిమంతుడండి," అన్నాడు గవర్రాజు.

పళ్ళెంలో బియ్యం పోసి పేరు రాశారు. చీరతో ఉయ్యాల కట్టి, అందులో పడుకోబెట్టి ఊపారు. ఇక చెవిలో పేరు చెప్పాలి. చెవి ఎక్కడుందా అని అటూ ఇటూ తిప్పి చూస్తే, వైరు తగిలించే కన్నం ఒక్కటే కనబడింది. సూరాయమ్మ దానికి నోరు ఆనించి, "వీరభద్రం! వీరభద్రం! వీరభద్రం!" అని ఊపిరంతా పెట్టి చెప్పింది. ఆ విసురుకి లోపలినించి పసుపు పచ్చటి బియ్యపు నూక ఒకటి ఎగిరి పడింది. పెళ్ళి పందిట్లో ఎప్పుడు దూరిందో, తలంబ్రాల నూక. ఇంతసేపూ దారికి అడ్డంగా కూర్చున్నది అదే. వీళ్ళు మాత్రం దాన్ని చూడనేలేదు.

వైరు తగిలించగానే కంప్యూటరు టింగుమంది. పెళ్ళి మొత్తం తెర మీదికి వచ్చేసింది.

"చూశార్రా! పేరు చెప్పగానే గుర్తుపట్టింది!" అని సూరాయమ్మ మురిసిపోయింది.

సాయంత్రం తాతబ్బాయిగారి వెనకాల మాణిక్యాంబగారు మూతి ముడుచుకుని వచ్చి కూర్చున్నారు. వీడియో వేశారు. తెర మీద తాతబ్బాయిగారు వంగి చీర పెడుతున్నారు. మాణిక్యాంబగారు పుచ్చుకుని, అంచు తిప్పి చూసుకుని నవ్వుతున్నారు కూడా. ఇటు కుర్చీలో ఉన్న మాణిక్యాంబగారికి అన్న మాట వెనక్కి తీసుకోవడానికి మొహం చెల్లలేదు.

"ఆవిడెవరో నాకు తెలీదు," అనేశారు.

తాతబ్బాయిగారి మొహం పాలిపోయింది. అన్నదమ్ములు మాత్రం తాపీగా తలూపారు. తెలిసిన జబ్బే.

"అమ్మా, ఈవిడా గుర్తుపట్టట్లేదే!"

ఇంకేముంది, కుర్చీతో సహా ఎత్తేశారు. "ఒరేయ్, దింపండ్రా నన్ను!" అని ఆవిడ అరుస్తూనే ఉన్నారు. వీధి గుమ్మంలోంచి బయటికి తీసి, పెరటి గుమ్మంలోంచి లోపల పెట్టారు. అప్పటికీ ఆవిడ గుడ్లురుముతుంటే, సూరాయమ్మ ఆవిడ చెవికి నోరు ఆనించి, "మాణిక్యాంబా! మాణిక్యాంబా!" అని ఊపిరంతా పెట్టి ఊదింది.

మాణిక్యాంబగారికి చెవిలో చక్కిలిగింత పుట్టింది. ఆపుకుందామని చూశారు, ఆగలేదు. పెళ్ళినాటినించి బిగించిన మూతి విడిపోయి, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. అంత నవ్వాక మళ్ళీ అలగడం ఎవరి తరం?

"నేనేలేవే తల్లీ, నేనే! చీర పెట్టారు, పుచ్చుకున్నాను. అన్నయ్యగారూ, రేపే వచ్చి పిల్లని తీసుకెళ్తాం, దిగులు పడకండి. ఒక్కటే మాట. ఆ వీడియో నాకివ్వాలి. చీర పెట్టలేదని మా వీధి వీధంతా చెప్పుకున్నాను. కొత్త కోడలు వచ్చేలోపు వాళ్ళందరికీ నేనే చూపించాలి, లేకపోతే ఆ పిల్లని చులకనగా చూస్తారు."

తాతబ్బాయిగారు తువ్వాలుతో కళ్ళొత్తుకున్నారు. సూరాయమ్మకీ గుండె బరువెక్కింది. మధ్యాహ్నం బారసాల, సాయంత్రం ప్రయాణం. "పిల్లాడు మొదటిసారి పొరుగూరు వెళ్తున్నాడురా, దీవించండి," అని గుప్పెడు అక్షింతలు తెచ్చింది. ముగ్గురూ వీరభద్రం నెత్తిన వేశారు. నున్నటి ఒళ్ళు కదా, అన్నీ జారి నేల మీద పడ్డాయి.

అక్షింతలు తొక్కితే పాపం. అందుకని ఆవిడ కింద కూర్చుని గింజగింజా ఏరి, డ్రైవు చెవిలో కూరి, పిన్నీసుతో లోపలికంటా తోసి, మాణిక్యాంబగారి చేతిలో పెట్టింది.

"జాగ్రత్తమ్మా. మీ ఊళ్ళో ఎవరైనా గుర్తుపట్టకపోతే పేరు చెప్పండి చాలు," అంది.