పనసకాయ బరువు

పరీక్ష అక్కర్లేదన్న కాగితం మీద సంతకం పెట్టడానికి ప్రద్యుమ్న పెన్ను కూడా తీశాడు. కానీ గురువుగారి చెవిన ఒక్క మాట వేసి పెడితే బాగుంటుందనిపించింది.

సముద్రం ఒడ్డునున్న ఆ కేంద్రంలో కొత్త రాకెట్ సిద్ధమైంది. పాతదానికంటే ఎంతో పెద్దది, ఎంతో వేగం. తుఫానుల్ని ముందే పసిగట్టే ఉపగ్రహాన్ని పైకి మోసుకెళ్లాలి. దానికి దారి చూపే ప్రోగ్రాం మాత్రం పాత రాకెట్‌దే. అది రాసింది మస్తాన్ సార్, ప్రద్యుమ్నకి ఈ పనిలో ఓనమాలు దిద్దించిన మనిషి. రిటైరయ్యాక ఆ పక్క ఊళ్లోనే ఉంటున్నారు.

“కొత్త దారిలో పెట్టి పరీక్షించాలంటే ప్రయోగం వానలు పోయాకే. పైవాళ్లకి తేదీ చెప్పేశాం. ఒక్కసారీ తప్పని ప్రోగ్రాంని ఇప్పుడు కెలకడం దేనికయ్యా?” అన్నాడు డైరెక్టర్.

ప్రద్యుమ్నకీ అదే సబబనిపించింది. గురువుగారి రాతకి పరీక్షా? కళ్లు పోవూ!

ఆదివారం పొద్దున్నే ఇంత లావు పనసకాయ భుజాన వేసుకుని సార్ ఇంటికి పోయాడు.

“మీ ప్రోగ్రామే పెడుతున్నాం సార్. ఒక్క అక్షరం ముట్టుకోలేదు. పరీక్ష కూడా అక్కర్లేదన్నాను,” అన్నాడు గర్వంగా.

సార్ ముఖంలో సంతోషం కనబడలేదు. “కాయ భలే వుందే. ఎంత తూగుతుందో చూద్దాం,” అంటూ వంటింట్లోంచి కాటా తెచ్చారు. గడియారంలా ముల్లు తిరిగే పాత కాటా, పది కిలోల దాకా తూస్తుంది. “మా అమ్మాయి పుట్టకముందు కొన్నానబ్బయా. ఒక్కరోజు తప్పు చూపలేదు.”

పనసకాయ పెట్టగానే ముల్లు గిర్రున ఒక చుట్టు తిరిగేసి, సున్నా దాటి, రెండు దగ్గర ఆగింది.

“రెండు కిలోలు,” అన్నారు సార్.

ప్రద్యుమ్నకి నవ్వొచ్చింది. “భలేవారే సార్! మోసుకొచ్చేసరికి నా భుజం పడిపోయింది. పన్నెండు ఉంటుంది.”

“కాటా చెప్తావుంది గదరా. ఇన్నేళ్లలో ఎప్పుడూ తప్పలేదు. నమ్మవా?”

“అది కాదు సార్. దాని తప్పేం లేదు. ఇంత బరువు దానిమీద ఎప్పుడూ పెట్టలేదు...”

మాట నోట్లోనే ఆగిపోయింది. సార్ వంక చూశాడు. ఆయన పనసకాయ కొయ్యడానికి తీరిగ్గా కత్తికి నూనె రాసుకుంటున్నారు.

ఒక్క తొన కూడా తినకుండానే లేచి వచ్చేశాడు.

మర్నాడు సంతకం పెట్టనన్నాడు. డైరెక్టర్ అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. ప్రాజెక్టులోంచి తీసేస్తానన్నాడు.

“తీసెయ్యండి సార్. ఆ పరీక్ష ఒక్కటి చేసి తీసెయ్యండి,” అన్నాడు ప్రద్యుమ్న. మాట వెనక్కి తీసుకోలేదు.

చేశారు. తెరమీద రాకెట్ నిక్షేపంగా లేచింది. వేగం అంకె పెరిగి పెరిగి, ప్రోగ్రాం లెక్కపెట్టగల హద్దు దాటగానే మళ్లీ మొదటికొచ్చింది. ఇక ఆ ప్రోగ్రాం ఏమనుకుందో ఏమో, నిటారుగా పోతున్న రాకెట్‌ని ఒక్క విసురున పక్కకి తిప్పేసింది. కళ్లముందే అది ముక్కలైపోయింది. డైరెక్టర్ కుర్చీలోంచి లేచి, తెరనే చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు.

“వానలు పోనియ్యవయ్యా,” అన్నాడు చివరికి.

వానలు వెలిశాక ఒక ఉదయం సార్ ఇంటి మేడమీద గురుశిష్యులిద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. ప్రద్యుమ్న చెయ్యాల్సిందంతా అయిపోయింది. దూరాన నిప్పు రాజుకుంది. తర్వాత మోత వచ్చి కాళ్లకింద మేడ అదిరింది. అమ్మో, అంత బరువూ మంట మీద కూర్చుని మబ్బుల్లోకి ఎక్కిపోతోంది! ఎక్కడ ఒరగాలో అక్కడ ఒద్దికగా ఒరిగింది. ప్రద్యుమ్నకి ఏడుపు ఆగలేదు.

“సార్, మీరు రాసినదాంట్లో చాలాచోట్ల కొట్టేశాను. క్షమించండి,” అన్నాడు.

మస్తాన్ సార్ ఆకాశం మీంచి చూపు తిప్పలేదు. చెయ్యి మాత్రం శిష్యుడి భుజం మీద వేశారు.

“ఈనాటికి నా శిష్యుడివైనావురా.”