బెల్లం పూసిన నంబరు

అనకాపల్లి బెల్లం మార్కెట్టు నుంచి ట్రాలీ ఆటోలో సరుకు తోలే సూరిబాబుకి చెయ్యి తిరిగిన డ్రైవరని పేరుండేది గానీ, ఎర్ర లైటు దగ్గర ఆగడమంటే మాత్రం మహా నామోషీగా ఉండేది.

కూడళ్లలో కెమెరాలు పెట్టాక అతనికి చలానాలు రావడం మొదలైంది. దానికతను ఒక ఉపాయం కనిపెట్టాడు. బండి వెనక నంబరులో చివరి అంకె ఎనిమిది. దాని ఎడమ సగం మీద వేలితో కాస్త బెల్లంపాకం పూసేవాడు. పైన దుమ్ము పడి అట్టకట్టేది. ఎవరైనా అడిగితే, "బెల్లం బండికి బెల్లం అంటుకోదేటి?" అని నవ్వేవాడు. ఏడాది గడిచినా మరొక్క చలానా రాలేదు.

"కెమెరా కళ్లు మూయించేశాను చూడు" అని భార్య నూకరత్నం దగ్గర గొప్పలు పోయేవాడు.

"ఆ తెలివేదో బ్రేకు తొక్కడానికి వాడు" అనేది ఆమె.

ఆ ఏడు డ్రైవర్ల పరపతి సంఘం కొత్త బళ్లకు తక్కువ వడ్డీకి అప్పులిస్తామంది. ఏడాదిలో ఐదు చలానాలు దాటితే మాత్రం ఇవ్వమంది. సూరిబాబు అర్జీ పెట్టాడు. తోటి డ్రైవరు దాలినాయుడు కూడా పెట్టాడు. ఆయనకు యాభై దాటాయి. రోడ్డు ఖాళీగా ఉన్నా లైటు దగ్గర ఆగి కూర్చునే మనిషి. "లైటుకి దండం పెట్టుకుంటున్నావేటి మావా?" అని అందరూ ఆటపట్టించేవారు. ఆయన పాత బండి ఇంజను పోయింది. అప్పు రాకపోతే ఆ వయసులో మళ్లీ కూలికి దిగి బరువులు మోయాల్సిందే.

అర్జీలు చూసే రోజు సంఘం కార్యదర్శి పద్మావతమ్మ అందరి ముందూ కాగితాలు తీసింది. "సూరిబాబూ, నీకు మంజూరైంది. దాలినాయుడుగారూ, మీకు ఇవ్వలేమండి. పద్నాలుగు చలానాలున్నాయి. అన్నీ ఎర్ర లైటు దాటినవే."

దాలినాయుడు తెల్లబోయాడు. ఫోను నంబరు ఎప్పుడో మార్చేశాడు, చలానాల కబురే ఆయనకు చేరలేదు. "నేనెప్పుడూ దాటనేదమ్మా" అన్నాడు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

పద్మావతమ్మ కెమెరా ఫొటోలు చూపించింది. సూరిబాబు తొంగి చూశాడు. ఆ ట్రాలీ తనది. దాని మీద కట్టిన పచ్చ టార్పాలిన్ తనది. సగం మూసుకుపోయిన ఎనిమిది అచ్చం మూడులా ఉంది. తామిద్దరివీ ఒకేరోజు ఒకే కొట్లో కొన్న ఒకే రకం బళ్లు. నంబర్లలో మిగతా అంకెలన్నీ ఒకటే, దాలినాయుడిది చివర మూడు, తనది ఎనిమిది. అంతే తేడా.

ఊరుకుంటే కొత్త బండి తనదే. ఎవరికీ తెలియదు. వెళ్లిపోబోతూ గుమ్మం దగ్గర దాలినాయుడు రెండుసార్లు వేరేవాళ్ల చెప్పుల్లో కాలు పెట్టాడు.

"ఆగు మావా" అన్నాడు సూరిబాబు. "అమ్మా, ఆ పద్నాలుగూ నావి." బెల్లంపాకం సంగతంతా చెప్పేశాడు.

"తెలిసే చెబుతున్నావా?" అంది పద్మావతమ్మ. "నీ అప్పు ఆగిపోతుంది. చలానాలు నీ మీద పడతాయి. లైసెన్సు కూడా కొన్నాళ్లు ఆపుతారు."

"తెలుసమ్మా. రాసుకోండి."

దాలినాయుడికి కొత్త బండి వచ్చింది. సూరిబాబు లైసెన్సు మూడు నెలలు ఆగింది. ఆ మూడు నెలలూ అతను మార్కెట్టులో బెల్లం దిమ్మలు మోసి చలానాలు కట్టాడు. "ఏటి, డ్రైవరు కూలికి దిగిపోయాడు?" అని ఒకామె నవ్వితే, నూకరత్నం కొంగు దోపుకుని, "నా మొగుడు తన బరువు తను మోస్తున్నాడు. నీకేటి నొప్పి?" అంది. ఆ మాట విన్నాక సూరిబాబుకి నెత్తిన దిమ్మ తేలికైనట్టనిపించింది.

మరుసటి ఏడు ఒక్క చలానా లేకుండా మళ్లీ అర్జీ పెట్టాడు. "జామీను ఎవరు?" అని అడిగింది పద్మావతమ్మ. పిలవకుండానే దాలినాయుడు లేచి వచ్చాడు.

"నేనమ్మా. ఈడి మాట మీద నాకు నమ్మకం" అంటూ సంతకం పెట్టాడు. సూరిబాబు ఆ రోజు అందరి మధ్యా తలెత్తుకుని నిలబడ్డాడు.

నీతి: దాచిన తప్పు మాయమైపోదు, ఇంకొకరి నెత్తిన పడుతుంది. ఒప్పుకుని దాని ఖరీదు కట్టుకున్నవాడికే నలుగురిలో నమ్మకమూ, అవసరానికి అప్పూ పుడతాయి.