పగిలిన సాలగ్రామం

సింగరాచార్యులుగారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. మోక్షమంటే ఏమిటని అడిగినవాడి చేత ఓసారి పెరడంతా కలుపు తీయించారు. అందుకే కాస్త ఒళ్ళు దాచుకునే శిష్యులు ఆయన దగ్గర సందేహాలు పెట్టుకునేవారు కాదు.

వేదాద్రి అలా కాదు, అతనికి సందేహాలే ఎక్కువ. ఊళ్ళో సర్కారు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పేవాడు. పొద్దున్నే నుదుట తిరుమణి నామం దిద్దుకుని గురువుగారింట ఆరాధనలో కూర్చునేవాడు, పదయ్యేసరికి బడికి పోయి జీవపరిణామం పాఠం చెప్పేవాడు. ఇన్నేళ్ళూ ఈ రెండూ ఒకదాని ఊసు ఇంకొకటి ఎత్తకుండా అతనిలో కాపురం చేశాయి. ఆ ఏడు చిక్కొచ్చిపడింది. పదో తరగతి పిల్లల తండ్రులు కొందరు బడికి వచ్చి, సృష్టి చేసింది భగవంతుడని చెప్పండి, లేదంటే ఆ పాఠం వదిలెయ్యండి అని పట్టుబట్టారు. స్టాఫ్‌రూములో తోటి మేష్టర్లు కొందరు, ఇదే అదనుగా పిల్లల బుర్రల్లోంచి దేవుణ్ణి కడిగెయ్యమని ఎగదోశారు. ఏదో ఒక సంగతి సోమవారానికల్లా తేల్చమన్నాడు హెడ్మాస్టరు. పాఠం మానేస్తే బడిలో దొంగనవుతాను, చెబితే పూజలో దొంగనవుతానని వేదాద్రి కుమిలిపోయాడు.

ఆదివారం ఉదయం ఆ మాటే గురువుగారికి విన్నవించుకున్నాడు. "స్వామీ, ఈ రెంటిలో ఏది నిజం?"

ఆయన ఎప్పటిలాగే పని పురమాయించారు. తనకు నడుం వంగడం లేదు కాబట్టి ఆ పూట సాలగ్రామానికి పాలతో తిరుమంజనం వేదాద్రినే చేయించమన్నారు.

ఆ సాలగ్రామం గండకీ నదిలో దొరికింది. గురువుగారి తాత దాన్ని ఉత్తరీయంలో మూటగట్టుకుని కాలినడకన తెచ్చాడు. జామకాయంత నల్లటి గుండ్రాయి. ఎక్కడా చిల్లు లేదు. మూడు తరాలుగా పాలూ నీళ్ళూ పోసి కళ్ళకద్దుకున్నవాళ్ళే గాని లోపల ఏముందో చూసినవాళ్ళు లేరు. వేదాద్రి మనసు ఆ పూట మనసులో లేదు. పాలతో కడిగాక పొడిబట్టతో తుడవాలన్న సంగతి మరిచి, తడిమీదే నువ్వులనూనె రాయబోయాడు. రాయి చేజారి గచ్చు మీద పడి రెండు చెక్కలైంది.

అతని పైప్రాణాలు పైనే పోయాయి. వంగి చెక్కలు అందుకున్నవాడు వాటిని చూస్తూ అలాగే ఉండిపోయాడు. లోపల నత్తగుల్లలాంటి చుట్ట ఒకటి ఉంది. నట్టనడుమ ఆవగింజంత గదితో మొదలై, ఒక్కో గదీ ముందటిదానికన్నా కాస్త పెద్దదవుతూ, గోడలన్నీ నిన్న కట్టినంత తీరుగా ఉన్నాయి. ఏటేటా నల్లబల్ల మీద సుద్దముక్కతో తాను గీస్తూ వచ్చిన బొమ్మ అది. అసలుదాన్ని చూడటం అప్పుడే.

గురువుగారు కోప్పడలేదు. ఏమిటది అని అడిగారు. చేసిన అపచారం చాలక ఇంకొకటి మాట్లాడటమెందుకని వేదాద్రి నోరు విప్పలేదు.

"తెలిసింది మింగకు నాయనా. చెప్పు."

అప్పుడు చెప్పాడు. ఇది కోట్ల ఏళ్ళ కిందటి సముద్రజీవి. అప్పటికి హిమాలయాలు లేవు, అక్కడంతా సముద్రమే. పెరిగినకొద్దీ వెనక గది మూసేసి, ముందు ఇంకో పెద్ద గది కట్టుకుంటూ పోయింది. చచ్చి బురదలో పడింది. బురద రాయైంది, సముద్రపు అడుగు లేచి కొండైంది, ఆ కొండను ఏరు కోసి దీన్ని బయటపెట్టింది. దీని జాతి ఎప్పుడో అంతరించింది, దూరపు చుట్టాలు మాత్రం రూపాలు మార్చుకుని ఇంకా సముద్రాల్లో ఉన్నాయి. తరగతిలో ఎన్నోసార్లు అప్పజెప్పిన మాటలే. అయినా దాన్ని చేతిలో పెట్టుకుని చెబుతుంటే వేదాద్రికి ఒళ్ళు గగుర్పొడిచింది, గొంతు జీరబోయింది.

ఆచార్యులుగారు రెప్పవెయ్యకుండా విన్నారు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. "మా తాత అంత దూరం నడిచి తెచ్చాడని గొప్పగా చెప్పుకునేవాణ్ణి," అన్నారు. "ఆయన చేతికి రావడానికి ఇదెంత దూరం వచ్చిందో."

సాలగ్రామం పగిలినా పూజకు పనికివస్తుందని శిష్యుడి భయం తీర్చారు. రెండు చెక్కల్నీ లోపలి గదులు పైకి కనబడేలా పళ్ళెంలో పెట్టించి, మిగిలిన పాలు పోయమన్నారు. పాలు ఆ చుట్ట వెంట సన్నగా తిరుగుతూ నడుమనున్న చిన్న గదిదాకా పోయాయి. అంత నిండు మనసుతో వేదాద్రి అంతకుముందెన్నడూ చేతులు జోడించలేదు.

వెళ్ళబోతూ, మరి రేపు పిల్లలకేం చెప్పమంటారని బెరుగ్గా అడిగాడు.

"నాకు చెప్పినట్టే చెప్పు," అన్నారు ఆచార్యులుగారు. "ఇందాక నీ గొంతు జీరబోయింది చూడు, వాళ్ళ ముందు దాన్ని సవరించుకోకు."