గవరయ్య బోడిగుండు మీద కరెంటు పొర

గంటిపేటలో వివేకం వారంటే ముగ్గురన్నదమ్ములు: గవరయ్య, సింహాద్రి, పైడయ్య. "మా ఇంటిపేరులోనే వివేకం ఉంది, ఇంకా చదువెందుకు?" అని ముగ్గురూ చిన్నప్పుడే బడి మానేశారు. అంత తెలివి!

వాళ్ళ మేనకోడలు హైమ విశాఖలో పరిశోధన చేస్తోంది. నాలుగేళ్ళు కష్టపడి ఒక పొర తయారుచేసింది. గాజులా అవతలిదంతా కనిపిస్తుంది. రబ్బరులా సాగుతుంది. సాగినా దానిలో కరెంటు పారడం ఆగదు. ఆ మధ్యాహ్నమే పరీక్షాధికారుల ముందు దీపం వెలిగించి చూపిస్తేనే పట్టా. ఊరి నుంచి కాలేజీకి వెళ్తూ దారిలో మేనమామల ఇంట్లో దిగి, "స్నానం చేసొస్తాను. ఉన్నది ఇదొక్కటే. దీన్నే చూస్తూ ఉండండి మామయ్యా" అని పొరను బల్లమీద పెట్టి వెళ్ళింది.

అంతే, ముగ్గురూ రెప్ప వేయకుండా కూర్చున్నారు. కాసేపటికి పైడయ్యకు చెమట పట్టింది.

"అన్నియ్యా, నాకు బల్లే కనబడతంది. మనం సూత్తన్నది పొరనా, బల్లనా?"

"అమ్మో, మాట తప్పేత్తన్నాం!" అని గవరయ్య పొరను ఎత్తి పట్టుకున్నాడు. ఈసారి గోడ కనిపించింది. పెరట్లోకి తీసుకెళ్ళారు. గేదె కనిపించింది.

"గేదెని సూడమని అమ్మి సెప్పనేదు గదా!" అన్నాడు సింహాద్రి.

ఇంకేముంది, పొర కనబడాలని పొయ్యి మీదున్న బెల్లం పాకం తెచ్చి పూశారు. కనబడింది, వాళ్ళకంటే ముందు చీమలకు! చీమల్ని దులపడానికి సింహాద్రి ఒక కొస, పైడయ్య ఒక కొస పట్టుకుని లాగారు. అది సాగింది, సాగింది, పెరడంతా సాగింది. చీమలు ఇద్దర్నీ కుట్టాయి. ఇద్దరూ వదిలేశారు. మధ్యలో వంగి చీమల్ని ఊదుతున్న గవరయ్య బోడిగుండుకు పొర ఫట్‌మని అంటుకుంది.

హైమ వచ్చి చూసి ఏడ్చేసింది. పీకితే చిరుగుతుంది. బస్సు వేళైంది. సంచిలోంచి బ్యాటరీ, దీపం తీసి పొరకు రెండు తీగలు తగిలించింది. గుండు మీద దీపం వెలిగింది!

"పద పెద్ద మామయ్యా!" అని ఆయన్ని బస్సెక్కించింది. తమ్ముళ్ళిద్దరూ ఆ గుండునే చూస్తూ వెనకాలే ఎక్కారు.

కాలేజీలో గవరయ్యను బల్లమీద పడుకోబెట్టారు. దీపం వెలిగింది. అందరూ భేష్ అన్నారు. హైమ ఊపిరి పీల్చుకుంది. అప్పుడు పెద్ద పరీక్షాధికారి కళ్ళద్దాలు సర్దుకుని, "ఏదీ, ఇప్పుడు సాగదీసి చూపించండి" అన్నాడు.

హైమ కదిలేలోపే సింహాద్రి అన్న చెవులు పట్టుకున్నాడు, పైడయ్య కాళ్ళు పట్టుకున్నాడు. బలం కొద్దీ లాగారు. గవరయ్య కెవ్వుమన్నాడు. చెవులతో పాటు పొరా సాగింది. దీపం మాత్రం ఆరలేదు.

"చాలు, చాలు! పట్టా ఇచ్చేశాం! ఆయన్ని వదలండయ్యా!" అని అరిచాడు పరీక్షాధికారి.

అన్న సరిగ్గా సాగలేదనే ఆపమన్నారనుకుని పైడయ్యకు నామోషీ అనిపించింది. రొప్పుతూ చేతులు జోడించాడు.

"మా అన్నియ్య ముదురు బాబూ, బిగిసిపోనాడు. నాను ఆకరోణ్ణి, ఇంకా లేతే. నన్ను లాగి సూడండి!" అంటూ బల్లెక్కి పడుకున్నాడు.