ముళ్ళావిడ ఊరెళ్ళిన పాట

ఏటిగట్టున వెదురుపొదల వెనక ఏదుపంది నూకాలు బొరియ. ముందొక గది, లోపలొక గది, అన్నీ తన గోళ్ళతో తవ్వుకున్నవే. వానలు పట్టుకుంటే బయట అడుగు పెట్టడం కుదరదు కాబట్టి, ఎండలున్నన్నాళ్ళూ దుంపలు ఏరి తెచ్చి లోపలి గది నింపుకుంది.

అప్పుడే కొండ అవతల నుంచి కబురొచ్చింది, కూతురికి నెలలు నిండాయి, వెంటనే రమ్మని. ఇల్లు ఎవరికి అప్పజెప్పాలో తెలీక నూకాలు గుమ్మంలో అటూ ఇటూ తిరుగుతుంటే నక్క గవరయ్యా, పునుగుపిల్లి దాలయ్యా వచ్చారు.

"మేం లేమా వదినా?" అన్నాడు గవరయ్య గుండె మీద చెయ్యేసుకుని. "చీమను కూడా గడప దాటనివ్వం!"

"చీమొస్తే రానీ మరిదీ, ఆ అడవిపంది బోడయ్యను మాత్రం రానివ్వకు. ముందు గదిలో దుంపలు మీవే, కడుపారా తినండి. లోపలి గది జోలికి పోకండి. అది నా వానాకాలం తిండి."

"నీ మనవడి మీద ఒట్టు!"

"ఇంకా పుట్టనేలేదయ్యా వాడు!" అంటూ నూకాలు పరుగున బయల్దేరింది.

ఆ పూటకు ఇద్దరూ బుద్ధిగానే కూర్చున్నారు. మర్నాటికి ముందు గది ఖాళీ.

"లోపలివి పుచ్చిపోతున్నాయేమో, చూడొద్దూ?" అన్నాడు గవరయ్య.

"చూడటానికేం, చూద్దాం," అన్నాడు దాలయ్య. చూడటానికి ఒకటి కొరికారు. కొరికాక ఆగలేదు. తమ వైభవం ఎవరూ చూడకపోతే ఎలా అని కోతుల్ని పిలిచారు. కోతుల గోల విని బోడయ్య పిలవకుండానే వచ్చేశాడు. తిన్నాడు, తిని గోడకేసి వీపు రుద్దుకున్నాడు. గోడ కదిలింది. "రుద్దు మావా, రుద్దు!" అని కోతులు ఈలలు వేశాయి. ఆ హుషారులో గవరయ్య గొంతెత్తాడు:

"ఇల్లుగలావిడ ఊరెళ్ళిందోయ్, తందానా!
ఇంటెడు దుంపలు మనవేనోయ్, తందానా!
ముళ్ళావిడ వచ్చేలోగా
మూలది కూడా మింగేద్దామోయ్, తందానా!"

అందరూ ఒక్కసారి ఎగిరి గంతేశారు. లోపలి గది కప్పు ధబ్బున కూలింది.

వెదురు మీది చిలకలకు పాట నోటికొచ్చేసింది. ఎక్కడ వాలితే అక్కడ అదే పాట. వాలుతూ వాలుతూ కొండ అవతలికి చేరాయి. అక్కడ నూకాలుకు మనవడు పుట్టాడు, ఊరంతా సంబరం. చిలకల పాటకు అందరూ చిందులేస్తుంటే నూకాలూ మనవణ్ణి ఊపుతూ తందానా అంది.

"పాపం, ఆ ముళ్ళావిడెవరో కానీ కొంప గుల్లయిపోయిందే!" అని విరగబడి నవ్వింది.

కూతురు నవ్వలేదు. "అమ్మా, ఈ చిలకలు మీ ఏటిగట్టువే. అక్కడ ముళ్ళున్నావిడవి నువ్వొక్కదానివే కదే!"

నూకాలు బిడ్డను తల్లి పక్కన పడుకోబెట్టి, వెనక్కి చూడకుండా పరుగెత్తింది.

ఇంటి ముందు గవరయ్య, దాలయ్య ఒళ్ళంతా బురద పూసుకుని కుంటుతున్నారు. చుట్టూ ఇరుగుపొరుగు జంతువులన్నీ చేరి జాలిపడుతున్నాయి.

"పులి వదినా, పులి! ఇల్లు పీకేసింది! ప్రాణాలొడ్డి పోరాడాం!" గవరయ్య భోరుమన్నాడు.

కూలిన గది చూసేసరికి నూకాలుకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పైన మబ్బు కమ్ముతోంది. అయినా లేవబోతున్న ముళ్ళను అణుచుకుంది.

"పోనీలే మరిదీ, మీరు బతికారు, అంతే చాలు. అవతల చిలకలు కట్టిన పాటొకటి విన్నాను, ఆ పాట తలుచుకుంటే దిగులంతా పోతుంది. ఇల్లుగలావిడ ఊరెళ్ళిందట. ఎంత బాగా కట్టాయో! ఊరు ఊరంతా వాటికి జాంపళ్ళు పెట్టి మెచ్చుకుంటోంది."

గవరయ్య ఏడుపు ఆగిపోయింది. "చిలకలు కట్టాయా?"

"అవును. నక్కలకొస్తుందా అంత పాట!"

దాలయ్య అతని తోక తొక్కాడు. గవరయ్య విదిలించుకున్నాడు.

"నువ్వుండవోయ్! చిలకల మొహానికి పాటొకటా? ప్రతి ముక్కా నేను కట్టిందే! ఇదిగో, ఈ గదిలోనే! బోడయ్య దుంపలు నములుతుంటే ఆ చప్పుడుకు తాళం కుదిరి..."

జంతువులన్నీ అతని వంకే చూస్తున్నాయి.

"పులి ఇల్లు పీకుతుంటే పాట కట్టావా మరిదీ?" అంది నూకాలు. ముళ్ళన్నీ గలగలమంటూ ఒక్కసారి లేచాయి.

తొలి చినుకు పడేసరికి ఇద్దరూ మెడలోతు మట్టిలో కొత్త గది తవ్వుతున్నారు. వాన ముదిరాక, తడుస్తూనే కొండెక్కి దుంపలు మోశారు. కాస్త ఆగితే వెనక ముళ్ళు గుచ్చుకునేవి. గది నిండేదాకా నూకాలు వాళ్ళను వదల్లేదు.

చేసిన తప్పును దాచగలిగినవాడు కూడా అందులో తన గొప్పను దాచుకోలేడు.